తీగ లేని పనిముట్టు

కర్రకు రంధ్రం వేయడానికి మన వడ్రంగులు తరతరాలుగా వాడిన పనిముట్టు బర్మా. విల్లు వంటి కమానుకు కట్టిన తాడును బర్మా ఒంటికి ఒక చుట్టు చుట్టి, ఒక చేత పైన అదిమిపట్టి, రెండవ చేత కమానును ముందుకు వెనుకకు లాగితే దాని మొన గిరగిర తిరిగి కర్రను తొలిచేది. ఈ విద్య ఎంత పాతదో చెప్పడం కష్టం. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ అనే చోట తవ్వకాలలో బయటపడిన అస్థిపంజరాలను పరిశీలించి, 7,500 మొదలు 9,000 ఏండ్ల కిందటనే అక్కడివారు చెకుముకి రాతి మొనతో మనిషి పంటికి సైతం రంధ్రాలు వేసినారని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. మన దగ్గరకు వస్తే, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి ఉన్నది. అక్కడి నల్లరాతి శిల్పాలలో సన్నని సూది దూరేటంతటి రంధ్రాలు చూసి నేటికీ యాత్రికులు విస్తుపోతున్నారు. అవన్నీ చేతి బలంతో, చేతి ఓర్పుతో తొలిచినవే.

ఆ పాత పనిముట్లలో ఒక మేలు ఉండేది. వాటికి సొంత బలం లేదు. చేయి ఆగితే పనిముట్టు ఆగేది. మొన కర్రలో బిగుసుకొంటే కమాను కదలకుండా నిలిచేది. ఏమరపాటు వల్ల వేలు గీరుకొనవచ్చును. ఉలి జారి అరచేయి తెగవచ్చును. అయినా జరిగే అపాయం చేతి బలానికి మించేది కాదు.

విద్యుచ్ఛక్తి వచ్చి ఈ లెక్కను మార్చినది. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు విద్యుత్తుతో తిరిగే బర్మాకు పేటెంటు పొందినారు. 1895లో జర్మనీలోని ఫైన్ సంస్థ దానిని చేతితో మోయదగినదిగా చేసినది. అమెరికాలో బ్లాక్, డెక్కర్ అనే ఇద్దరు భాగస్వాములు పిస్తోలు పిడి, దానికి వేలితో నొక్కే మీట అమర్చి 1917లో పేటెంటు తీసుకొన్నారు. నేటికీ మన చేతికి వచ్చే డ్రిల్లు రూపం అదే. 1954లో జర్మనీలో ఆకర్‌మాన్ – ష్మిట్ సంస్థవారు చక్రం పక్కకు తిరిగి ఉండే చేతి గ్రైండరును తయారు చేసినారు. ఇనుమును కోయడం, అతుకులను నునుపు చేయడం, రాతిని చెక్కడం అనే మూడు పనులూ ఒక్క యంత్రానికి అలవడినవి.

ఈ యంత్రాలన్నిటికీ ఒక తోక ఉండేది; అదే కరెంటు తీగ. అది కాళ్ళకు అడ్డం పడుతుందనీ, అందవలసిన చోటికి అందదనీ పనివారు విసుగుకొనేవారు. కాని ఆ తీగ ఒక ఉపకారం కూడా చేసేది. యంత్రం మేలుకొని ఉన్నదా, నిద్రలో ఉన్నదా అన్నది తీగను చూస్తే తెలిసేది. ప్లగ్గు ఊడదీసి పక్కన పెడితే, చూసిన ప్రతివారికీ, అక్షరం రానివారికి కూడా, ఇక ఇది తిరగదు అన్న భరోసా కలిగేది.

ఆ తీగ కూడా పోయినది. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ బ్యాటరీతో నడిచే డ్రిల్లును బజారులో పెట్టినది. 1971లో అపోలో 15 నౌకలో చంద్రునిపైకి వెళ్ళిన డేవిడ్ స్కాట్ బ్యాటరీ డ్రిల్లుతోనే అక్కడి నేలను తొలిచినాడు. ఆ మొన నేలలో బిగుసుకొనిపోగా దానిని పైకి లాగడానికి ఆయనా, ఆయన సహచరుడూ ఎంతో శ్రమపడవలసి వచ్చినది. 2005లో లిథియం బ్యాటరీలు ఈ పనిముట్లలోకి వచ్చినవి. అంతకుముందు బ్యాటరీలు బరువుగా ఉండి తొందరగా అలసిపోయేవి. లిథియం వచ్చిన తరువాత అరచేతిలో పట్టే పెట్టె గ్రైండరును సైతం పూర్తి వేగంతో తిప్పగలుగుతున్నది.

ఈ మార్పు మహానగరాల కార్ఖానాలకే పరిమితమైనదని అనుకొనరాదు. ఖమ్మం నుండి వైరా, తల్లాడ మీదుగా సత్తుపల్లి పోయే దారిలో కల్లూరు ఉన్నది. ఒక వైపు సాగరు ఎడమ కాలువ నీరు పారే మాగాణి. ఈశాన్యంగా పోయిన కొద్దీ కొత్తగూడెం, భద్రాచలం అడవులు. టేకు, వెదురు, నల్లమద్ది పెరిగే సీమకు ఆనుకొన్న ఊరు గనుక వడ్రంగానికి కొదువ లేదు. రేకుల షెడ్లు, ఇనుప గేట్లు, ట్రాక్టరు తొట్లు, బోరు మోటార్ల పనులకు వెల్డింగు దుకాణాలు ఉండనే ఉన్నవి. కరెంటు అందని పొలం గట్టు మీదనో, ఇంకా మీటరు బిగించని కొత్త ఇంటి పైకప్పు మీదనో పని పడినప్పుడు బ్యాటరీ పనిముట్టు వరమే. మేస్త్రీలే కాక, ఇంటిలో ఒక పటం తగిలించుకొనడానికి, అలమరకు బందులు బిగించుకొనడానికి సామాన్య గృహస్థులు కూడా వీటిని కొంటున్నారు.

తీగతో పాటు పోయిన ఆ భరోసాను మన అలవాటుతో తిరిగి సంపాదించుకొనవలె. ఈ ప్రసంగంలో చెప్పదలచిన ముఖ్యాంశం ఇదే.

అన్నిటికన్న మొదటి అలవాటు బ్యాటరీ తీయడం. డ్రిల్లుకు బిట్టు మార్చేటప్పుడు, గ్రైండరుకు చక్రం మార్చేటప్పుడు, ఇరుక్కొన్న ముక్కను తీసేటప్పుడు, తుడిచేటప్పుడు, ఒకరి చేతి నుండి మరొకరికి దూరం మీద అందించేటప్పుడు, పని ముగిసి సంచిలో పెట్టేటప్పుడు ముందుగా బ్యాటరీని ఊడదీయవలె. మీట మీద వేలు లేదు గదా అనుకొనడం చాలదు. సంచిలోని సుత్తి పిడి తగిలినా, మోకాలు ఆనినా మీట నొక్కుకొనవచ్చును. డ్రిల్లులో కుడికీ ఎడమకూ తిప్పే బొత్తాం ఒకటి ఉంటుంది. దానిని నడుమకు తెచ్చి నిలిపితే చాలా యంత్రాలలో మీట బిగుసుకొనిపోతుంది. ఒక చోటి నుండి మరొక చోటికి నడిచేటప్పుడు అది మంచి అలవాటే కాని, బిట్టు మార్చడానికి మాత్రం అది చాలదు. బ్యాటరీయే బయటికి రావలె. “ఇట్లా తీస్తూ పెడుతూ కూర్చుంటే పని సాగేదెట్లా మేస్త్రీ?” అని అడిగేవారు ఉంటారు. ఆ తీయడానికీ పెట్టడానికీ పట్టేది నాలుగైదు సెకన్లు. తెగిన నరం అతికి వేళ్ళు మునుపటి వలె ముడుచుకొనడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆసుపత్రిలో కుట్లు వేయించుకొన్నవారిని అడిగితే తెలుస్తుంది.

ఇక డ్రిల్లు సంగతి చూతము. దాని అపాయం వేగంలో కన్న మెలిపెట్టే బలంలో ఉన్నది. మొన సాఫీగా పోతున్నంతసేపు చేతికి ఏమీ తెలియదు. ఇనుప పట్టీ ఆవలి వైపుకు మొన బయటపడబోయే క్షణంలో, గోడలో ఇనుప చువ్వ తగిలిన క్షణంలో, గట్టి టేకులో పెద్ద రంధ్రం వేసేటప్పుడు బిట్టు బిగుసుకొన్న క్షణంలో మొన ఆగి, యంత్రం తిరగబోతుంది. అప్పుడు మణికట్టు మెలికపడుతుంది. నిచ్చెన మీద ఉన్నవాడైతే అదుపు తప్పి కింద పడతాడు. అందువల్ల పెద్ద బిట్టు వాడేటప్పుడు పక్క పిడి తప్పక బిగించవలె. రెండు చేతులా పట్టుకొని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడవలె. మొన ఆవలికి వెళ్ళబోతున్నదని తోచగానే ఒత్తిడి తగ్గించవలె. డ్రిల్లు మెడ చుట్టూ అంకెలు వేసిన ఒక కంకణం ఉంటుంది. మరమేకులు బిగించేటప్పుడు దానిని చిన్న అంకె మీద పెట్టితే, మేకు బిగిసిన తరువాత యంత్రం టకటకమని జారుతుందే కాని చేతిని మెలిపెట్టదు.

రంధ్రం వేయవలసిన వస్తువును ఎన్నడూ ఎడమ చేత పట్టుకొనరాదు. ముఖ్యంగా పలుచని రేకు. బిట్టు రేకులో బిగిసిందంటే రేకు మొత్తం చక్రం వలె తిరుగుతుంది. దాని అంచు కత్తి వలె కోస్తుంది. రేకును చెక్కపలక మీద పరచి, బిగింపు పట్టీలతో రెండు చోట్ల బిగించిన తరువాతనే మొన ఆనించవలె. చిన్న ముక్కను తొడ మీద పెట్టుకొనో, కాలి బొటనవేలి కింద అదిమిపెట్టుకొనో తొలిచే అలవాటు బర్మా రోజులది. కమాను లాగే చేయి ఆగితే ఆ బర్మా ఆగేది. ఈ యంత్రం అట్లా ఆగదు.

దుస్తుల విషయం చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. మెడలో వేలాడే తువ్వాలు, జారిన పంచె కొంగు, పొడుగు చేతుల వదులు చొక్కా, ముడి వేయని జుట్టు, మణికట్టుకు కట్టుకొన్న రక్షాబంధనం, గాజులు, మెడ గొలుసు – వీటిలో ఏది తిరిగే మొనకు తగిలినా క్షణంలో చుట్టుకొనిపోతుంది. తువ్వాలును పక్కన పెట్టవలె. చేతి దారం తీయడం ఇష్టం లేకపోతే దాని మీదుగా బిగుతుగా ఉండే పట్టీ తొడుక్కొనవలె. నూలు చేతి తొడుగులు వేసుకొని డ్రిల్లు పట్టడం కూడా మంచిది కాదు. ఒక నూలు పోగు చిక్కుకొంటే తొడుగుతో పాటు వేలు కూడా పోతుంది.

గోడకు రంధ్రం వేసేవారు మరొక మాట గుర్తుంచుకొనవలె. ఇప్పటి ఇండ్లలో కరెంటు తీగలు గోడ లోపలి గొట్టాలలో పోతున్నవి. సామాన్యంగా స్విచ్చుబోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా, ఒక బోర్డు నుండి మరొక బోర్డుకు తిన్నగా అవి నడుస్తవి. ఆ గీతలలో మొన పెట్టరాదు. స్నానాల గది గోడ వెనుక నీటి గొట్టాలు ఉంటవి. బ్యాటరీ డ్రిల్లుకు తీగ లేదు గనుక షాకు కొట్టదని అనేకులు నమ్ముతున్నారు. గోడలోని తీగకు మొన తగిలితే ఆ విద్యుత్తు ఇనుప బిట్టు మీదుగా మీ చేతి దాకా రాగలదు. అనుమానం ఉన్న చోట మెయిను స్విచ్చి ఆపి పని చేయవలె. బ్యాటరీ పనిముట్టుకు ఇంటి కరెంటుతో అవసరం లేదు గనుక అట్లా ఆపడంలో ఇబ్బంది కూడా లేదు.

గ్రైండరు డ్రిల్లు కన్న చాలా కఠినమైన యంత్రం. 4 అంగుళాల చిన్న గ్రైండరు నిమిషానికి 8,500 మొదలు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క కట్టి చూతము. ఆ చక్రం చుట్టుకొలత సుమారు 31 సెంటీమీటర్లు. 11,000 చుట్ల వేగంలో దాని అంచు సెకనుకు 57 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతున్నదన్న మాట. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో రైలు వస్తుంటే మనము ప్లాట్‌ఫారం అంచు నుండి వెనుకకు జరుగుతాము. అంతకన్న వేగంగా పోయే అంచును ముఖానికి జానెడు దూరంలో పట్టుకొంటున్నామని మరువరాదు. చక్రం పగిలితే దాని ముక్కలు అదే వేగంతో వస్తవి.

అందుకే తయారు చేసినవారు చక్రానికి సగం మేర ఇనుప తొడుగు పెట్టినారు. దానినే గార్డు అంటారు. పగిలిన ముక్కలకూ, పని చేసేవాని శరీరానికీ నడుమ ఉన్న గోడ అది. మూలలకు అందడం లేదనో, కోత కనబడడం లేదనో దానిని విప్పి అవతల పారవేయడం మన దుకాణాలలో తరచుగా కనబడే దృశ్యం. గార్డు తీసిన గ్రైండరును పట్టుకొనబోమని ప్రతి పనివాడూ పట్టుపట్టవలె. గార్డు లేని గ్రైండరును పనివానికి ఇవ్వబోమని ప్రతి యజమానీ నియమం పెట్టుకొనవలె.

చక్రాన్ని ఎన్నుకొనడంలో మూడు విషయాలు చూడవలె. మొదటిది వేగం. ప్రతి చక్రం మీదనూ అది తట్టుకొనగల గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. మామూలు 4 అంగుళాల చక్రం మీద 15,300 అనీ, 7 అంగుళాల చక్రం మీద 8,500 అనీ ఉండడం చూస్తాము. యంత్రం వేగం కన్న చక్రం మీది అంకె ఎక్కువగా ఉండవలె. గార్డు తీసివేసి, 11,000 చుట్లు తిరిగే చిన్న గ్రైండరుకు 7 అంగుళాల చక్రం తగిలించినవాడు, తన ముఖం ముందే అది పగలడానికి ఏర్పాటు చేసుకొన్నట్లే. రెండవది తేదీ. చక్రం నడుమ ఉన్న లోహపు కంకణం మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటవి. చక్రంలోని జిగురు కాలం గడిచిన కొద్దీ, తేమ తగిలిన కొద్దీ బలహీనమవుతుంది. గడువు దాటిన దానిని చౌకగా వస్తున్నదని కొనరాదు. మూడవది పని. కోతకు వాడే చక్రం మిల్లీమీటరు మందాన పలుచగా ఉంటుంది. దాని పక్క భాగంతో అతుకులు రుద్దరాదు. పక్క ఒత్తిడికి అది విరుగుతుంది. రుద్దడానికి మందపాటి చక్రం వేరే ఉన్నది.

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడడం మన ఆడవారికి అలవాటే. ఖంగుమంటే మంచిది, బొక్కుమంటే బీట ఉన్నది. బల్ల మీద బిగించే సానయంత్రపు మందపాటి రాతి చక్రాలకు కూడా ఈ పరీక్ష పనికి వస్తుంది. చేతి గ్రైండరు పలుచని చక్రాలు జిగురుతో, గాజుపోగుల వలతో చేసినవి గనుక వాటికి నాదం ఉండదు. వాటిని వెలుతురులో తిప్పి కంటితో చూడవలె. అంచు చిట్లినా, వంగినా, నీటిలో తడిసినా, కింద పడినా అవతల పారవేయవలె. కొత్త చక్రం బిగించిన తరువాత ఎవరూ ఎదుట లేని వైపుకు తిప్పి పట్టుకొని అరనిమిషం పాటు ఊరికే తిరగనివ్వవలె. అది అదిరితే, వణికితే వెంటనే ఆపవలె.

ఇప్పుడు అన్నిటికన్న ప్రమాదకరమైన అలవాటు ఒకటి చెప్పవలసి ఉన్నది. కర్ర కోయడానికి రంపపు పండ్లు ఉన్న చక్రాన్ని గ్రైండరుకు తగిలించడం. అడవి దాపున ఉండి, కర్రతో నిత్యం పనిపడే మన ప్రాంతంలో దీనిని గురించి మరీ జాగ్రత్తగా ఉండవలె. రాతి చక్రం వస్తువును అరగదీస్తూ పోతుంది. రంపపు పన్ను వస్తువును కరిచి పట్టుకొంటుంది. టేకులో ముడి తగిలినప్పుడు, కోత రెండు అంచులూ దగ్గరకు వచ్చి చక్రాన్ని పట్టినప్పుడు, యంత్రం చేతిలో నుండి తప్పించుకొని కోసేవాని మీదికే ఎగురుతుంది. అట్లా ఎగిరినది తొడను, పొత్తికడుపును, మెడను తాకుతుంది. కర్ర కోసే యంత్రం వేరే ఉన్నది. దానికి తగిన వేగం, తగిన అడుగు పలక, తనంతట మూసుకొనే కప్పు ఉన్నవి. బ్యాటరీతో నడిచేవి కూడా దొరుకుతున్నవి. అది కొనే స్తోమత లేకపోతే చేతి రంపమే మేలు.

ఇనుము కోసేటప్పుడు కూడా ఈ ఎగురుపాటు ఉంటుంది. గొట్టాన్ని రెండు దిమ్మెల మీద పెట్టి నడుమ కోస్తే, కోత పూర్తి కావస్తుండగా గొట్టం కిందికి కుంగి చక్రాన్ని నొక్కివేస్తుంది. కోయవలసిన కొనను దిమ్మెకు ఆవల వేలాడేటట్లు పెట్టి, మిగిలిన భాగాన్ని బిగించి కోస్తే, తెగిన ముక్క తనంతట కిందికి జారి కోత తెరుచుకొంటుంది. చక్రానికి తిన్నగా ఎదుట నిలువరాదు. కొంచెం పక్కకు నిలబడవలె. మీట వదిలిన వెంటనే చక్రం ఆగదు. అది పూర్తిగా నిలిచేదాకా యంత్రాన్ని నేల మీద పెట్టరాదు.

నిప్పురవ్వలు ఎటు పోతున్నవో కూడా చూసుకొనవలె. ఎండిన మిరపకాయల కల్లం, పత్తి కుప్ప, గడ్డివామి, రంపపు పొట్టు – ఇవి మన ఊళ్ళలో ఎక్కడ చూసినా ఉండేవే. రవ్వ పడిన వెంటనే మంట లేవకపోవచ్చును. లోలోపల రగిలి గంట తరువాత లేవవచ్చును. పని ముగించి వెళ్ళే ముందు ఆ చుట్టుపట్ల మరొకసారి కలయజూడవలె. డీజిలు, పెట్రోలు, రంగు, పురుగుమందు నింపిన పాత పీపాలను కోయడం గాని, వాటికి రంధ్రం వేయడం గాని బొత్తిగా తగదు. ఖాళీ పీపాలో మిగిలి ఉన్న ఆవిరి ఒక్క రవ్వకు పేలుతుంది.

కంటికి కనబడే గాయం కాక, కనబడకుండా వచ్చే హాని కూడా ఉన్నది. ఖమ్మం గ్రానైటుకు పేరుపొందిన జిల్లా. ఆ రాతిని గ్రైండరుతో పొడిగా కోస్తే లేచే తెల్లని దుమ్ములో సిలికా అనే పదార్థం ఉంటుంది. అది ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరబడి వాటిని గట్టిపరుస్తుంది. ఆ వ్యాధికి సిలికోసిస్ అని పేరు. దానిని నయం చేసే మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ సిలికా దుమ్మునూ, కర్ర పొట్టునూ రెంటినీ మనుష్యులకు క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చినది. ముక్కుకు తువ్వాలు చుట్టుకొంటే పెద్ద రేణువులు మాత్రమే ఆగుతవి. హాని చేసే సన్నని దుమ్ము ఆ నేతలో నుండి సులభంగా దూరిపోతుంది. కరోనా కాలంలో మనకు పరిచయమైన ఎన్-95 ముసుగును ముఖానికి బిగుతుగా పెట్టుకొనవలె. నీటితో తడుపుతూ కోసే వీలున్న చోట, అందుకు తగిన యంత్రంతో అట్లాగే కోయవలె. కంటికి రెండు పక్కలా మూసి ఉండే కళ్ళద్దాలు, గ్రైండరు పనికి వాటి మీద ముఖానికి అడ్డుపలక తప్పనిసరి. చదువుకొనే కళ్ళద్దాలు ఇందుకు పనికిరావు. చెవుల సంగతి కూడా మరువరాదు. 85 డెసిబెల్లు దాటిన చప్పుడులో రోజుకు 8 గంటలు ఉంటే వినికిడి తగ్గుతుందని నిపుణుల మాట. గ్రైండరు చప్పుడు అంతకు మించుతుంది. చెవులలో పెట్టుకొనే బిరడాలు దుకాణాలలో దొరుకుతవి.

దుకాణంలో మేస్త్రీ ఒక్కడే ఉండడు. పక్కన ముక్క పట్టుకొనే సహాయకుడు ఒకడు ఉంటాడు. యంత్రం మేస్త్రీ చేతిలో ఉంటుంది. రవ్వలు మాత్రం సహాయకుని వైపు పోతవి. కళ్ళద్దాలు ఒక్క జత ఉంటే అది మేస్త్రీ పెట్టుకొంటాడు. అందరిలో తక్కువ కూలి తీసుకొనే ఆ మనిషే అందరికన్న ఎక్కువ అపాయంలో నిలబడుతున్నాడు. బిగింపు పట్టీ ఒకటి కొంటే, చేతితో ముక్క పట్టుకొనే పనే ఉండదు. పట్టుకొనక తప్పని చోట రెండవ జత కళ్ళద్దాలు ఉండి తీరవలె. ఆ సహాయకుడు చిన్న పిల్లవాడైతే అది నేరం కూడా. 2016లో సవరించిన చట్టం 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకొనడాన్ని నిషేధించినది. 14 నుండి 18 ఏండ్ల లోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదన్నది.

బ్యాటరీ గురించి కొంత చెప్పవలె. బజారులో 18 వోల్టులని ఒకటి, 20 వోల్టులని మరొకటి అమ్ముతారు. రెంటిలోనూ ఉండేవి వరుసగా కూర్చిన 5 ఘటాలే. మామూలుగా పని చేసేటప్పటి వోల్టేజీని ఒకరు చెప్పినారు, నిండుగా ఛార్జి అయినప్పటిది మరొకరు చెప్పినారు. పెద్ద అంకె చూసి మోసపోరాదు. లిథియం బ్యాటరీకి ఎండ పగ. సామాన్యంగా 40 డిగ్రీలకు మించిన వేడిలో దానిని ఛార్జి చేయరాదని తయారీదారులు చెబుతారు. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. రేకుల షెడ్డులో, ఆపిన వాహనంలో వేడి అంతకన్న ఎక్కువ. అందుచేత వేసవిలో తెల్లవారుజామునో, చల్లబడిన తరువాతనో, మనుషులు మేలుకొని ఉండగా, నీడపట్టున నాపరాతి మీద పెట్టి ఛార్జి చేయవలె. పని చేసి వేడెక్కిన బ్యాటరీని చల్లారనిచ్చి పెట్టవలె. దాని ఛార్జరుతోనే దానిని ఛార్జి చేయవలె. విడి బ్యాటరీని మేకులు, మరమేకులు ఉన్న డబ్బాలో పడవేస్తే, రెండు కొసలకూ ఇనుము తగిలి మండిపోవచ్చును. ఉబ్బినది, పగిలినది, నీటిలో మునిగినది మళ్ళీ వాడరాదు. చెత్తలో కూడా వేయరాదు, అమ్మినవారికో, పాత బ్యాటరీలు సేకరించేవారికో అప్పగించవలె.

ఇంత జాగ్రత్తపడినా ఏదైనా జరిగితే చేయవలసిన పని ముందే తెలిసి ఉండవలె. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. కంటిలో దుమ్ము పడితే నలపకుండా శుభ్రమైన నీటితో ధారగా కడగవలె. ఇనుప రజను గుచ్చుకొంటే దానిని తువ్వాలు కొసతోనో, గోటితోనో, నాలుకతోనో తీయించే ప్రయత్నం చేయరాదు, పసరు పోయరాదు. కంటిని నొక్కకుండా పైన చిన్న గిన్నె వంటిది అడ్డం కట్టి వెంటనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవలె. లోతైన గాయం అయితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేయి పైకెత్తి ఉంచి, 108కి ఫోను చేయవలె. గాయంలో పసుపు, కాఫీపొడి కూరరాదు. వేలు తెగి పడిపోతే దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచి రోగితో పాటే పంపవలె. మంచు నేరుగా వేలికి తగలరాదు. ధనుర్వాతపు టీకా గురించి వైద్యునికి గుర్తు చేయవలె.

మన వృత్తులవారికి ఆయుధపూజ అనే మంచి ఆచారం ఉన్నది. దసరానాడు ఉలి, బాడిస, రంపం, సుత్తి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజుకు వాటికి విశ్రాంతి ఇస్తారు. ఇప్పుడు ఆ వరుసలో డ్రిల్లు, గ్రైండరు కూడా చేరినవి. వాటికి బొట్టు పెట్టే ముందు గార్డు ఉన్నదా, పిడి బిగుతుగా ఉన్నదా, చక్రాల గడువు దాటినదా, బ్యాటరీ ఉబ్బినదా అని పరీక్షిస్తే ఆ పూజ మరింత సార్థకమవుతుంది. ఆ పరీక్షను నెలకొకసారి చేసుకొంటే ఇంకా మంచిది. అజ్ఞాతవాసానికి వెళ్ళే పాండవులు తమ ఆయుధాలను దారిలో వదిలిపోలేదు. కట్టగట్టి, జమ్మిచెట్టు మీద ఎవరికీ అందని చోట దాచినారు. మన ఇంటి డ్రిల్లును కూడా బ్యాటరీ విడిగా, యంత్రం విడిగా, పిల్లలకు అందని ఎత్తున పెట్టుకొనవలె.

ఈ పనిముట్టు కొనబోయేవారికి చివరగా ఒక సూచన. దుకాణంలో వోల్టులు, వేగం, ధర అడిగిన తరువాత, పక్క పిడి, గార్డు, దానితో పాటే రెండు జతల కళ్ళద్దాలు, ఒక బిగింపు పట్టీ కూడా అడిగి తీసుకొనండి. ఇంటికి తెచ్చిన రోజుననే ఇంటిల్లిపాదికీ బ్యాటరీ ఎట్లా ఊడదీయవలెనో చూపించండి. ఆ పని చేతకాని చేతికి ఆ యంత్రాన్ని ఇవ్వకండి.